పొరపాటున చదివానని అనలేకపోయాను

ఇది రాసిపెట్టాల్సిన అవసరం ఒక అబద్ధం వల్ల వచ్చింది. ఆ అబద్ధం నన్ను మంచివాడిగా చూపిస్తుంది. మా డ్యాన్సు ట్రూపులో రెండేళ్ళుగా అందరూ దానిని నమ్మారు. నా ఎదుటే కొత్తవాళ్ళకు చెప్పి నన్ను మెచ్చుకున్నారు. నేను తల వంచుకుని విన్నాను. నాది వినయం అనుకున్నారు. నోటితో చెప్పబోతే ఈ సంగతిని మళ్ళీ నాకు అనుకూలంగా తిప్పుకుంటానని నా మీద నాకే అనుమానం. అందుకే కాగితం మీద పెడుతున్నాను. దీని నకలు ఒకటి పెద్దకడుబూరు దగ్గర ఒక ఊరి నాటకం కమిటీకి ఇవ్వాలి.

నేను ఆదోనిలో పత్తి మిల్లులో పనిచేస్తాను. బేళ్ళ మీద అచ్చురేకు పెట్టి నల్లరంగుతో మార్కు, నంబరు వేయడం నా పని. బడి చదువు తొమ్మిదో తరగతితో ఆగింది. ఆ తర్వాత చదివిందంతా శాఖా గ్రంథాలయంలోనే. పని దిగాక వేళ్ళకంటిన రంగును కిరసనాయిలుతో కడుక్కుని అక్కడికి వెళ్ళేవాణ్ణి. మొదట్లో గ్రంథపాలకుడు నా వేళ్ళు చూసి పుస్తకం చేతికి ఇచ్చేవాడు కాదు, బల్ల మీద పెట్టి పేజీలు తనే తిప్పి చూపించేవాడు. కొన్నేళ్ళకు పాత పుస్తకాల బీరువా తాళంచెవి నా చేతికే ఇచ్చాడు. ఆ బీరువాలో నేను చదవని పుస్తకం లేదు. ఈ మాట చెప్పుకునే అవకాశం వస్తే నేను వదులుకోను. ఇప్పుడూ వదులుకోలేదు.

ట్రూపులో నా పని మైకు. ఆడవేషంలో డ్యాన్సు చేసేవాళ్ళు అయిదుగురు. అందులో ఇద్దరు పెళ్ళయి పిల్లలున్న మగవాళ్ళు. ప్రోగ్రాం అయ్యాక విగ్గు సంచిలో పెట్టుకుని, లుంగీ కట్టుకుని ఇంటికి పోతారు. మిగిలిన ముగ్గురికి చీర వేషం కాదు. ట్రూపు నడిపే అక్క ఆ ముగ్గురిలో పెద్ద. యాభై దాటిన మనిషి, నడుము నొప్పి ఉన్నా ఇప్పటికీ చివరి పాట ఆమెదే. షాపు ఓపెనింగులు, పెళ్ళి రిసెప్షన్లు, జాతరలు, నాయకుల పుట్టినరోజులు, ఏది వచ్చినా ఒప్పుకునేది. నన్ను వాళ్ళు మైకు సారు అనేవాళ్ళు. మిల్లులో నన్ను సారు అన్నవాళ్ళు లేరు.

మైకులో డ్యాన్సరు పేరుతోపాటు ఊరి పేరు కూడా చెప్పాలి. అది ఈ వైపు నాటకాల నుంచి వచ్చిన అలవాటు. ఫలానా ఊరి ఫలానా కళాకారిణి అంటేనే జనం చెవి పెడతారు. మావాళ్ళెవరూ సొంత ఊరి పేరు చెప్పనివ్వరు. అందుకని ఒకరు రాయచూరు, ఒకరు హోస్పేట, ఒకరు సిరుగుప్ప. మైకులో మా ట్రూపంతా కర్ణాటకవాళ్ళే. అక్క దీనిని నాకు మొదటి రోజే నేర్పింది.

"ఊరి పేరు ఒక్కటి జాగర్త సారూ. డ్యాన్సు బాగలేకుంటే ఈలేసి వదిలేస్తారు. ఊరి పేరు తెలిసిందంటే ఇంటికాడికి వస్తారు."

ముగ్గురిలో చిన్నది బళ్ళారి. అంటే మైకులో బళ్ళారి. ఆమె అసలు ఊరు నేను పైన చెప్పిన ఊరే. ఆదోనిలో ఒక గది తీసుకుని చీరలో ఉండేది. వారానికోసారి ప్యాంటు, చొక్కా వేసుకుని, జుట్టు ముడిచి టోపీ పెట్టుకుని తల్లిని చూడడానికి పోయేది. సెల్‌ఫోన్ల షాపులో పని అని ఇంట్లో చెప్పింది. నన్ను అన్నా అనేది, నేను అమ్మా అనేవాణ్ణి.

ఆ ఊళ్ళో ఏటా పద్యనాటకం ఆడతారు. పత్తి చివరి తీత అయిపోయి, వలస పోవాల్సినవాళ్ళు ఇంకా పోకముందు ఆడతారు. అందులో రాణి వేషం పదిహేడో ఏట నుంచి ఆమెదే. ఒక ఏడు నన్ను రమ్మంటే వెళ్ళాను. నాటకం సంగతి పక్కన పెడితే, ఆ మధ్యాహ్నం చావడిలో చూసినదే నాకు బాగా గుర్తు. రాణికి రంగు పూయడం పూర్తి కాగానే ఊరి ముత్తయిదువలు అయిదుగురు వచ్చి ఒడిబియ్యం పోశారు. పసుపు, కుంకుమ పెట్టారు. ఆ క్షణం నుంచి వేషం దించే దాకా ఆమెను మగపేరుతో పిలవకూడదు, వాడు అనకూడదు. అలా అంటే ఆ ఏడు నాటకం చెడుతుందని ఆ ఊరి నమ్మకం. కమిటీ పెద్దాయన కూడా "అమ్మా, ఇంగ లెయ్యమ్మా, జనం వచ్చినారు" అని చేతులు కట్టుకుని పిలిచాడు. ఆమె తల్లి వరసలో చివర నిలబడి, తన వంతు వచ్చాక బియ్యం పోసి, "సల్లగా ఉండు తల్లీ" అన్నది. 

తిరుగు బస్సులో ఆమె నాతో అన్నది, "ఏడాదికి ఒక్క పొద్దన్నా, మా యమ్మ నన్ను తల్లీ అంటాది."

నాకు ఇదంతా తెలుసు. తెలిసే చేశాను.

ఎమ్మిగనూరులో ఒక బట్టల షాపు ఓపెనింగు. పొద్దున పది గంటలకు షాపు ముందు చెక్కల స్టేజీ. అంతకు ముందు వారమంతా నేను రంగస్థల చరిత్ర మీద ఒక లావుపాటి పుస్తకం చదువుతున్నాను. ఆడపాత్రలు వేసిన మగవాళ్ళకు ఒకప్పుడు దొరికిన గౌరవం గురించి అందులో చాలా ఉంది. రెండు పేజీలు నోట్సు రాసుకున్నాను. వాటిని ఎక్కడ చెప్పాలా అని తిరుగుతున్నాను.

బళ్ళారి స్టేజీ ఎక్కింది. ముందు వరసలో గుంపుగా నిలబడ్డ కుర్రాళ్ళు మొదలుపెట్టారు.

"ఏయ్, గడ్డం నున్నగా గీకినావా లేదా?"

"మామా, ఆ పూలు మీ ఇంటామెయా?"

"యా ఊరు కోడలివమ్మా నువ్వు? మా ఊరికి వస్తావా?"

ఇవి రోజూ ఉండేవే. ఆమె నవ్వి, చివరివాడికి నమస్కారం పెట్టి, "మీయమ్మను అడిగి రా నాయనా, వస్తాను" అన్నది. జనం వాణ్ణి చూసి నవ్వారు. అక్కడితో అయిపోయింది. ఆమెకు నా సాయం అక్కరలేదు. 

నేను మైకు అందుకున్నాను. బళ్ళారి అని రాసుకున్న కాగితం చేతిలో ఉంది. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ఈమె ఎవరనుకుంటున్నారు అని మొదలుపెట్టాను. ఆడపాత్ర మన నాటకానికి ఎంత ప్రాణమో చెప్పాను. పుస్తకంలోని మాటలు వాడాను. పెద్దకడుబూరు మండలంలో ఫలానా ఊళ్ళో ఏటా రాణిగా నిలబడి ఒడిబియ్యం అందుకునే కళాకారిణి ఈమేనని ఊరి పేరుతో సహా చెప్పాను. కుర్రాళ్ళు నోరు మూశారు. జనం చప్పట్లు కొట్టారు. షాపు ఓనరు నా భుజం తట్టాడు. ఆ చప్పట్లలో ఆమె కాళ్ళు ఒక్క తాళం తప్పాయి. నేను చూశాను. వెంటనే అందుకుని ఆడింది కాబట్టి నేనూ మరిచిపోయాను.

డ్యాన్సు అయ్యాక షాపు పై అంతస్తులో, బట్టల కట్టల మధ్య, ఆమె గాజులు తీస్తూ అడిగింది.

"అన్నా, ఊరి పేరు ఏంటికి ఎత్తినావు?"

"నీ గౌరవం కోసమమ్మా. వాళ్ళకు చరిత్ర తెలియదు."

"కింద మా ఊరోళ్ళు ముగ్గురు ఉండారు. శెనక్కాయలు అమ్మేదానికి వచ్చినారు."

అక్క నన్ను తిట్టలేదు. కుర్చీలో కూర్చుని మోకాళ్ళు రుద్దుకుంటూ అన్నది, "వాళ్ళు వచ్చి అడుగుతారు సారూ. ఇంటికి పోరు, నీ దగ్గరికే వస్తారు. మైకులో పలికింది నువ్వు కదా. పొరపాటున సదివినానని సెప్పు. యా ఊరో అనబోయి మీ ఊరు అన్నానని సెప్పు. ఒక్క మాట."

సరేనన్నాను. మనసులో సిద్ధంగానే ఉన్నాను.

నాలుగో రోజు మిల్లు గేటు దగ్గరికి ఇద్దరు వచ్చారు. ఒకరు కమిటీ పెద్దాయన. ఇంకొకరు నాటకం నేర్పే హార్మోనియం అయ్యవారు. టీ కొట్టు ముందు నిలబడి మాట్లాడుకున్నాం. పెద్దాయన చాలా మర్యాదగా మొదలుపెట్టాడు.

"ఎమ్మిగనూరులో మైకు పట్టుకునింది నువ్వే కదప్పా?"

"నేనే."

"మా ఊరి పేరు సెప్పినావంట. మా రాణి పాత్ర పిల్లోడే ఆడ ఎగిరినాడని అన్నావంట. మావోళ్ళు ఇని వచ్చి సెప్తాండారు. నేనేమంటినంటే, ఆయప్ప పొరపాటున సదివింటాడు, అంతే అంటిని."

అయ్యవారు అందుకున్నాడు. "కాగితం సూసి సదివేటప్పుడు ఒక లైను తప్పితే మాట మారిపోతాది. సహజమే."

అప్పుడు పెద్దాయన నా చేతుల వైపు చూశాడు. గోళ్ళలో నల్లరంగు.

"నీకు పెద్ద సదువు లేదంట కదా. తొమ్మిదో తరగతి అంట. బేళ్ళ మీద మార్కులేస్తావంట. పొరపాటు సదివింటావులే. అవునని సెప్పు సామీ, పోతాము."

మనిషి ముఖంలో ఎగతాళి లేదు. ఇప్పుడు తలచుకుంటే అది నాకు తలుపు తెరిచి పట్టుకోవడమే. అప్పుడు మాత్రం తొమ్మిదో తరగతి అన్న మాట ఒక్కటే వినిపించింది. టీ కొట్టు దగ్గర మిల్లువాళ్ళు నలుగురు వింటున్నారు.

"నేను పొరపాటున చదవను" అన్నాను.

ఆగలేదు. గ్రంథాలయంలో నేను చదివిన పుస్తకాలు ఎన్నో చెప్పాను. మైకు ముందు కాగితం చూడనవసరం లేదన్నాను. ఆడపాత్రల చరిత్ర మొదలుపెట్టాను. అక్కడితోనైనా ఆగవలసింది. కొందరికి చీర వేషం కాదనీ, వాళ్ళు పుట్టుకతోనే అలాంటివాళ్ళనీ, దీన్ని అర్థం చేసుకోవడానికి చదువు కావాలనీ వాళ్ళకు బోధించాను. నేను చెప్పినదాంట్లో తప్పు మాట ఒక్కటీ లేదు. అంతా నిజమే. ఆమెది తప్ప వేరే ఎవరి జీవితమైనా అయివుంటే అది మంచి ఉపన్యాసమే.

పెద్దాయన టీ గ్లాసు బల్ల మీద పెట్టాడు. సగం కూడా తాగలేదు.

"సరేప్పా. నిజమే సదివినావు."

ఆ సాయంత్రమే అక్క ఫోను చేసింది. వచ్చారా, ఏమన్నావు అని అడిగింది. పొరపాటున చదివానని చెప్పాననీ, బతిమాలాననీ, వాళ్ళు నమ్మలేదనీ అన్నాను. ఇంత పెద్ద అబద్ధం ఏ తడబాటూ లేకుండా ఎలా వచ్చిందో నాకు తెలియదు. మిల్లు గేటు దగ్గర దానికంటే చిన్నది రాలేదు.

మర్నాడు ఆమె మిల్లుకు వచ్చింది. మామూలుగా మా మిల్లు వైపు రానిచ్చేవాణ్ణి కాదు. ఇదీ రాయాలి. ట్రూపుతో తిరుగుతానని మిల్లులో ఎవరికీ తెలియకూడదని జాగ్రత్తపడేవాణ్ణి, కరపత్రంలో నా పేరు వేయనిచ్చేవాణ్ణి కాదు. ఆమె అది తెలిసి, గేటుకు దూరంగా, రోడ్డు అవతల నిలబడింది.

"అక్క సెప్పింది అన్నా. నువ్వు అంత సదివినోనివి, నా కోసం ఆళ్ళ ముందర సదువు రానోని మాదిరి నిలబడినావు. మర్సిపోను."

నేను ఏమన్నానో గుర్తులేదు. ఫరవాలేదమ్మా అని ఉంటాను.

కమిటీ ఆమెను కొట్టలేదు, తిట్టలేదు, ఊరికి రావద్దనలేదు. ఈ ఏడు బయటి నుంచి నటిని పిలిపిస్తున్నామని తల్లికి కబురు చెప్పారు, అంతే. వచ్చి భోంచేసి నాటకం చూసిపొమ్మన్నారు. ఒంటరిగా పోలేనని నన్ను తోడు రమ్మంది. వెళ్ళాను.

చావడిలో ఆమె చొక్కా, ప్యాంటుతో ఒక మూల కూర్చుంది. వచ్చిన నటి మంచి మనిషే. అయితే ఆ ఊళ్ళో పాడే పద్యాల వరస ఆమెకు కొత్త. అయ్యవారు కాసేపు తంటాలుపడి, చివరకు మూలకు చూసి, "రేయ్, ఆ రెండో పద్యం ఈయమ్మకు ఎత్తుకునేది సూపించురా" అన్నాడు. ఆమె లేచి వచ్చి పాడి చూపించింది. గొంతు దించి మగగొంతుతో పాడింది. నటి సంతోషించి, "ఎంత బాగా పాడినావు తమ్ముడూ" అన్నది. ముత్తయిదువలు పళ్ళెంతో వచ్చారు. దారిలో ఉన్నది కాబట్టి మా బళ్ళారి పక్కకు జరిగి దారి ఇచ్చింది. తల్లి వరసలో నిలబడలేదు. గుమ్మం దగ్గర నుంచి కొడుకును మగపేరుతో పిలిచింది. కోపంగా ఏమీ కాదు, అన్నానికి పిలిచినట్టు. నాటకం రోజున ఆ చావడిలో ఆ పేరు నేను విన్నది అదే మొదటిసారి.

మరుసటి ఏడు కూడా నటే వచ్చింది. ఆ ఏడు నాటకం నాడు మా బళ్ళారి ఊరికి పోలేదు.

నాకు నిజం చెప్పాలనే ధైర్యం దానంతట అది రాలేదు. ఈ మధ్య ట్రూపులోకి కోసిగి వైపు నుంచి ఒకామె కొత్తగా వచ్చింది. ఊరి పేరు ఏమి చెప్పాలా అని భయపడుతుంటే, ఆమెకు సవరం పెడుతూ మా బళ్ళారి చెప్పింది.

"మైకు సారుకు సెప్పు, ఏమీ కాదు. సారు అబద్ధం ఆడడు. పానం పోయినా ఆడడు. నా కోసరం ఒక్కసారి ఆడినాడు."

ఆ మాట విన్నాక ఆ గదిలో ఉండలేకపోయాను. రెండు రోజుల తర్వాత ఆదోని బస్టాండులో, ఎమ్మిగనూరు బస్సు కోసం ఎదురుచూస్తూ మా బళ్ళారికి అంతా చెప్పాను. చెప్తూనే, పెద్దాయన నా గోళ్ళు చూశాడనీ, అందరి ముందు తొమ్మిదో తరగతి అన్నాడనీ కూడా చెప్పుకొచ్చాను. ఆమె ఏడుస్తుందనుకున్నాను, లేదా కొడుతుందనుకున్నాను. చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అడిగింది.

"తొమ్మిదో తరగతి అంటే అంత నొచ్చిందా అన్నా?"

నేను తల ఊపాను.

"నన్ను అనే మాటలు నువ్వు మైకు పక్కన నిలబడి రోజూ ఇంటాండావు కదా."

బస్సు వచ్చింది. ఎక్కింది. నేను ఎక్కాలా వద్దా అని నిలబడితే కిటికీలోంచి, "రా. ప్రోగ్రాముకు మైకు యెవరు పడతారు?" అన్నది. ఎమ్మిగనూరులో దిగేటప్పుడు, "మా ఊరికి పోయి పెద్దాయనకు ఇదే సెప్పు" అన్నది.

పోయిన నెల వెళ్ళాను. పెద్దాయన ఇంటి ముందు కూర్చుని పత్తిలో చెత్త ఏరుతున్నాడు. నన్ను గుర్తుపట్టి పక్కన జాగా చూపించాడు. ఆ రోజు నేను అహంకారంతో మాట్లాడాననీ, ఇప్పుడైనా పొరపాటున చదివానని నలుగురిలో చెప్తాననీ అన్నాను. ఆయన పత్తి ఏరడం ఆపలేదు.

"ఇప్పుడు అంటే యెవరు నమ్ముతారప్పా? పొరపాటు సదవనని నువ్వే అంటివి."

"అప్పుడు అనివుంటే నమ్మేవాళ్ళా?"

"నమ్మేటోళ్ళమే. ఆ మాట కోసరమే బస్సెక్కి వస్తిమి." గొంతు తగ్గించాడు. "ఆ బిడ్డ సంగతి మాకు తెల్వదనుకుంటివా? చిన్నప్పటి నుంచి సూస్తాండాము. ఒడిబియ్యం పోసే ఆడోళ్ళకు తెల్వదా? తెలిసినట్టు యెవురమూ అనకుండా ఉంటిమి. అనకుండా ఉన్నంతకాలం జరిగిపాయ. నువ్వు వచ్చి అంటివి. అన్నంక కొందరు మా ఆడోళ్ళను ఒడిబియ్యానికి పంపం అనిరి. నేనేం సేసేది?"

వాళ్ళకు తెలియదనుకుని నేను బోధించాను. నాకంటే ముందు, నా పుస్తకాలు ఏవీ లేకుండానే, వాళ్ళు ఆమెకు ఒక చోటు చేసి పెట్టుకున్నారు. ఏడాదికి ఒక్క రోజుదే అయినా అది చోటు. అది చాలదని నేను అనగలను. ఎవరైనా అనగలరు. కానీ చాలదని అనాల్సింది ఆమె. దానిని తీసేసింది నేను.

లేవబోతుంటే పెద్దాయన అన్నాడు, "రాసి ఇయ్యి. పొరపాటని రాయద్దు. జరిగింది జరిగినట్టు రాయి. కమిటీ కూసున్నప్పుడు సదివిస్తాను. ఏమయితాదో నేను సెప్పలేను."

ఆమెకు ఈ మాట చెప్పాను. రాసిన తర్వాత తనకు చదివి వినిపించమంది. నిన్న వినిపించాను. తన నాట్యం గురించీ, సహనం గురించీ నేను రాసిన రెండు పేరాలు కొట్టేయించింది. "నన్ను పొగిడితే నీ తప్పు సన్నగా కనపడతాది అన్నా" అన్నది. కొట్టేశాను.

ఎవరి పేరూ రాయవద్దని ఆమె షరతు. కాబట్టి సాయం చేసినవాళ్ళకు పేర్లు లేకుండానే కృతజ్ఞతలు చెప్పుకోవాలి. మొదటి రాత చూసి, అందులో పుస్తకాల మాటలు ఎక్కువయ్యాయని గీత పెట్టిన గ్రంథపాలకుడికి. నా అబద్ధం తెలిశాక మూడు ప్రోగ్రాములకు నన్ను పిలవకుండా, నాలుగోదానికి పిలిచిన అక్కకు. రాణి పాత్రకు తగిన గొంతు ఎవరిదో తనకు తెలుసని, ఆ పాత్ర మళ్ళీ ఆమెకే ఇవ్వాలన్న మాట కమిటీలో తానే ముందు ఎత్తుతానని ఫోనులో చెప్పిన హార్మోనియం అయ్యవారికి. పోయిన నెల ఆ ఊళ్ళో బస్సు దాకా నాతో నడిచి వచ్చి, నాతో ఒక్క మాటా మాట్లాడకుండా, నా సంచిలో ఒక సొరకాయ పెట్టి వెళ్ళిన ఆమె తల్లికి. చదివిస్తానన్న పెద్దాయనకు.

మా బళ్ళారికి కూడా చెప్పబోయాను. వద్దన్నది. కమిటీ కూర్చునే రోజు బయట అరుగు మీద తాను ఉంటానని, చీరలోనే వస్తానని, ఇది చదివేది పెద్దాయన కాదు, నేనే చదవాలని అన్నది.